సగం చెప్పిన ఆకు

ఎండిన బాదం ఆకులు బకెట్లో నానుతుంటే ఒక వాసన వస్తుంది. వడగట్టడం మరిచిపోయిన చాయ్ పత్తి వాసనకు దగ్గరగా ఉంటుంది కానీ అంత ఘాటు ఉండదు, తొలి వాన తర్వాత తడిసిన తడకల వాసన కూడా కొంచెం కలిసినట్టు ఉంటుంది. జగిత్యాలలో మేముండే గల్లీ చివర బడి గోడ లోపల రెండు బాదం చెట్లున్నాయి. చలి తగ్గే రోజుల్లో ఆకులు ఎర్రబడి గోడ ఇవతల రాలుతాయి. రక్త పరీక్షల ల్యాబులో పని ముగించుకుని ఇంటికొచ్చేటప్పుడు మచ్చలేని ఆకులు ఏరి సంచీలో వేసుకుంటాను. మందులు చేస్తున్నాననుకుంటారు చుట్టుపక్కల వాళ్ళు. ఆ ఆకులన్నీ మా ముందు గదిలో ఉన్న అక్వేరియంలోకి పోతాయి. అందులో గప్పీలు, నల్ల మోలీలు, అద్దాన్ని నాకుతూ తిరిగే సక్కర్ చేప ఒకటి, ఐదు ఆడ ఫైటర్ చేపలు ఉన్నాయి. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఒకటే అడుగుతారు, పెద్ద తోకలున్న మగ ఫైటర్లను పెట్టక ఈ మబ్బు రంగు ఆడవాటిని ఎందుకు పెట్టావని. ఏదో ఒకటి చెప్పి చాయ్ ఇచ్చి పంపిస్తాను. అసలు సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

నేను పుట్టి పెరిగింది కోరుట్లలో. మా ఇంట్లో ఆకు అంటే ఒకటే ఆకు. తమలపాకును తమలపాకనే అనాలి, కరివేపాకును కల్యామాకనే అనాలి, ఉత్త ఆకు అంటే మాత్రం బీడీలు చుట్టే తునికాకే. అమ్మ బీడీలు చేసేది. మా వాడలో ఏ అరుగు మీద చూసినా కాళ్ళు చాపుకుని, ఒడిలో చేట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళే కనిపించేవారు. ముందు రోజు సాయంత్రం తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టిన ఆకు పొద్దుటికి మెత్తబడేది. దాన్ని కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించి, చేటలో ఒక పక్క పేర్చి, ఇంకో పక్క తంబాకు కుప్ప పోసుకుని, మాట్లాడుతూనే, పిల్లల్ని తిడుతూనే, రోడ్డు మీద పోయేవాళ్ళ చీరల రంగు చూస్తూనే చుట్టేవాళ్ళు. తంబాకు దుమ్ము ఇంటినిండా ఉండేది. అమ్మ జడలో, నా లెక్కల నోటుబుక్కులో, ఆవకాయ జాడీ మూత మీద సన్నగా పేరుకుని ఉండేది. కొత్తవాళ్ళు గడప దాటగానే తుమ్మేవాళ్ళు, మాకు మాత్రం ఆ వాసన ఉన్నట్టే తెలిసేది కాదు. ముసురు పట్టిన రోజుల్లో అమ్మ చేతులు బూడిదతో తోముకుని వేడివేడిగా మక్కగారెలు చేసేది. ఎంత తోమినా వేళ్ళ సందుల్లో ఎక్కడో మిగిలిన చిరుచేదు ఆ గారెల్లో దిగేది. మక్కగారెల రుచే అంత అనుకుని చాలా ఏళ్ళు తిన్నాను.

మా తాత కల్లు గీయడానికి తాళ్ళెక్కినవాడు. బాపుకు ఎత్తంటే భయం, అందుకే నేల మీద నిలబడి చేసే పని వెతుక్కున్నానని నవ్వేవాడు. జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గర కంపౌండరుగా ఉండేవాడు. పొద్దున బస్సుకు పోయి పొద్దుగూకే వేళకు స్పిరిట్ వాసనతో తిరిగొచ్చేవాడు. గల్లీ మలుపులోనే "బిడ్డా" అని ఒక కేక వేసేవాడు. మా దిక్కు ఎవరైనా ఏ ఆడపిల్లనైనా బిడ్డా అనే పిలుస్తారు, కూరగాయల గంప దింపుకునే ముసలమ్మ కూడా అంతే. అయినా బాపు నోట ఆ మాట వేరే అని, అది నా ఒక్కదాని పేరని నేను నమ్మేదాన్ని. బడి రిజిస్టర్లో రజిత అని ఉన్నా, మా ఇంట్లో నా పేరు బిడ్డ.

ఆ డాక్టరు ఆస్పత్రిలో రోగులు కూర్చునే గదిలో ఒక అక్వేరియం ఉండేది. ఆయన ఆస్పత్రి మూసేసి వేరే ఊరికి పోతూ దాన్ని బాపుకు ఇచ్చాడు. బాపుకు కోరుట్లలోనే ఒక మెడికల్ షాపులో పని దొరికింది. చేపలతో, అడుగున జానెడు నీళ్ళతో ఆ అద్దాల పెట్టె ట్రాలీ ఆటోలో మా గల్లీకి వచ్చిన రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బాపు వెనక కూర్చుని రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ప్రతి గుంత దగ్గరా డ్రైవరును బతిమాలుతూ వచ్చాడు. వాడకట్టు మొత్తం మా ఇంట్లోనే. ఆడవాళ్ళు చేటలు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు. ఏది గప్పీ, ఏది మోలీ, సక్కర్ చేపకు నోరు కిందెందుకు ఉందో నేనే అందరికీ చెప్పాను, నాకు తెలిసిందెంత అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత మూడు నెలలు నా అంత గర్వంగా మా వాడలో ఎవరూ నడవలేదు.

అప్పుడు వచ్చింది మమత.

మమత మా పెద్దమ్మ కూతురు. వాళ్ళది సిరిసిల్ల. అంతకుముందు సెలవుల్లో వాళ్ళింటికి పోతే ఆ సాంచెల మోతకు రెండు రోజులు నా చెవులు గింగుర్లెత్తేవి. ఇంటి ముందర భాగంలోనే నాలుగు మరమగ్గాలు, వాటి మధ్య సందులోంచే వంటింట్లోకి పోవాలి, అన్నంలో కూడా ఒక నూలు పోగు తగిలేది. అక్కడ అందరూ గట్టిగా మాట్లాడతారు, లేకుంటే వినపడదు. ఆ ఏడాది సాంచెలు నడవక పెద్దమ్మ, పెద్దబాపు భీవండికి పనికి పోవాల్సి వచ్చింది. అక్కడ ఉండడానికి చోటు సరిగ్గా లేదని మమతను మా ఇంట్లో దింపిపోయారు. కథలాపూర్ మీదుగా వచ్చే బస్సు దిగి, ఒక రేకు పెట్టె, పాలిస్టర్ ముక్కలు కలిపి కుట్టిన సంచి పట్టుకుని, వానకు తడిసి మా గడపలో నిలబడింది. నాకంటే ఆరు నెలలు పెద్దది. అక్కా అని పిలవమంది అమ్మ. చుట్టాలు ఉన్నప్పుడు తప్ప నేను పిలవలేదు.

మొదటి వారం దానికి నిద్ర పట్టలేదు. సాంచెల మోతలో పుట్టి పెరిగిన పిల్ల, సప్పుడు లేని ఇంట్లో పడుకుంటే భయమవుతుందని చిన్నగా చెప్పింది. బాపు కొంచెంసేపు ఆలోచించి దాని పడకను అక్వేరియం పక్కన వేయించాడు. గాలి బుడగలు వదిలే ఆ మోటరు గర్రుమని మోగుతూ ఉంటుంది కదా, ఆ గర్రు వింటూ అది నిద్రపోయింది. అప్పటిదాకా అక్కడ పడుకునేది నేను. నా చాపను తలుపు వారకు జరిపారు. ఎవరూ నన్ను అడగలేదు, అడిగితే సరేననేదాన్నేమో. అడగనందుకు ఆ రోజు నా కడుపులో పుట్టిన కుళ్ళు ఆ తర్వాత రెండేళ్ళు నాతోపాటే పెరిగింది.

అమ్మ సంగతి ఇంకా ఘోరం. తెగిన పోగులు ముడి వేసి వేసి మమత వేళ్ళు ఎంత చురుగ్గా తిరిగేవంటే, వచ్చిన వారానికే బీడీకి దారం చుట్టడం నేర్చేసుకుంది. అమ్మ దాని చేయి పట్టుకుని పక్కింటామెకు చూపించి, మా అక్క చెయ్యే వచ్చింది దీనికని మురిసిపోయింది. నేను కట్టిన బీడీలు అమ్మ విప్పి మళ్ళీ కట్టుకునేది. నేను ఒడుపు తెలియని దాన్నని అమ్మ ఎప్పుడూ అనలేదు, విప్పి కట్టుకునేది అంతే.

దసరాకు ముందు బాపు మా ఇద్దరినీ జగిత్యాల తీసుకుపోయాడు. ఇద్దరికీ ఒకే తానులోంచి గౌను బట్ట కొనిచ్చి, తలా ఒక చేప తీసుకోండని పాత బస్టాండు దగ్గర సందులో ఉన్న చేపల దుకాణానికి నడిపించాడు. అక్కడ మగ ఫైటర్లను ఒక్కోదాన్ని ఒక్కో గాజు సీసాలో పెట్టి, సీసాకూ సీసాకూ మధ్య అట్టముక్క నిలబెట్టి ఉంచారు. అట్ట తీస్తే చాలు, రెండూ చెంపలు ఉబ్బించి, తోకలు విప్పి అద్దానికి గుద్దుకునేవి. నీలం ఒంటికి ఎర్ర తోక ఉన్న దాన్ని చూడగానే నాకు కావలసింది అదేనన్నాను. ఇది మందిలో ఉండదు, గప్పీల తోకలు కొరుకుతుంది, సీసాలోనే పెట్టుకోవాలన్నాడు దుకాణం భాయ్. అయినా సరే అదే అన్నాను. మమత దుకాణం వెనక్కి పోయి, ఒక ప్లాస్టిక్ టబ్బు ముందు గొంతుకూర్చుంది. అందులో ఆరేడు పొట్టి తోకల చేపలు, ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. అవేంటివని అడిగితే, ఆడ ఫైటర్లు, ఎవరూ కొనరన్నాడు భాయ్. మమత అందులో ఒకదాన్ని చూపించింది. రెండు తీసుకొమ్మని బాపు అంటే భాయ్ ఒప్పుకోలేదు.

"ఏస్తే ఒక్కటే ఏయుండ్రి, లేకుంటే అయిదారు ఏయుండ్రి. రెండు మాత్రం వద్దు. ఒకదాన్నొకటి బతుకనియ్యవు" అన్నాడు.

బాపు మా ఇద్దరి దిక్కు చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకప్పుడు అర్థం కాలేదు.

నా చేప సీసాలో అల్మారా మీద కూర్చుంది. మమత చేప అక్వేరియంలో పదిమందితో కలిసింది. భాయ్ చెప్పినట్టే చేప ఉన్న ప్లాస్టిక్ సంచిని కొంతసేపు నీళ్ళ మీద తేలనిచ్చి, తర్వాత మూతి విప్పారు. లోపలికి పోగానే దాని ఒంటి మీద భయంతో అడ్డగీతలు తేలాయి. రెండు రోజులు మోటరు వెనక దాక్కుంది. మూడో రోజు ఒక గప్పీని ఆ మూల నుంచి ఈ మూలకు తరిమింది, చూశావా కొట్లాటమారిది అన్నాను నేను సంబరంగా. అదే ఆఖరు. ఆ తర్వాత ఎవరి జోలికీ పోలేదు. బతుకమ్మ ఆడి, తలలో తంగేడు రేకులతో, నోట్లో తీపి మలీద ముద్దతో మేము ఇంటికొచ్చేసరికి ఆ పెట్టెలో అదే ఇంటామె అయిపోయింది. దారిలో అది వస్తుంటే మోలీలు పక్కకు జరిగేవి. వెడల్పాటి మొక్క ఆకు మీద మంచమెక్కినట్టు ఒరిగి పడుకునేది, మధ్యమధ్య పైకొచ్చి గుటుక్కున గాలి మింగి పోయేది. నీళ్ళలో ఉండి గాలి పీల్చే చేపను చూడడానికి వాడలో ఆడవాళ్ళు మళ్ళీ వరుస కట్టారు. ఎండ తగిలినప్పుడు ఆ ఎండుగడ్డి రంగు మీద ఆకుపచ్చా నీలమూ కలిసి, నీళ్ళ మీద పెట్రోలు చుక్క పడినట్టు మెరిసేది. దాని కడుపు కింద నువ్వుగింజంత తెల్ల చుక్క చూసి, గుడ్లు పెడుతుందేమోనని అమ్మ రోజూ వంగి చూసేది. అల్మారా మీద నా చేప ఎంత అందంగా ఉన్నా, ఒక్కసారి చూసి అబ్బా అని, అందరూ అక్వేరియం దగ్గరికే పోయేవారు.

మమత దానికి నాడె అని పేరు పెట్టింది. సాంచెలో ఈ కొసకూ ఆ కొసకూ పరుగెత్తుతూ పోగును మోసే నాడె లాగే ఇదీ తిరుగుతుందని. పొద్దున లేవగానే చాయ్ జాలీ పట్టుకుని నీళ్ళ తొట్టిలో దోమ పిల్లల్ని ఏరేది, ఆ జాలీతోనే తను చాయ్ వడగట్టిందని తర్వాత తెలిసి అమ్మ లబోదిబోమంది. ఒక్కో పురుగును వేలి కొసన అంటించుకుని నీళ్ళలో ముంచేది. కొన్నాళ్ళకు పురుగు లేకపోయినా నాడె వచ్చి ఆ వేలిని ముద్దాడేది. ఎవరూ లేనప్పుడు నేనూ వేలు ముంచి చూశాను. ఎన్నోసార్లు చూశాను. గీతలు తేల్చుకుని మోటరు వెనక్కి పోయేది. ఒక చేప మీద, దాన్ని పిలిచే ఒక వేలి మీద మనిషికి అంత కడుపుమంట పుడుతుందంటే ఎవరూ నమ్మరు. పుడుతుంది. నేను అన్నం తింటూ కూడా ఆ వేలినే చూసేదాన్ని.

సంక్రాంతి చలికి నా నీలం చేప చచ్చిపోయింది. సీసాలో నీళ్ళు కొంచెమే కదా, చల్లబడితే తట్టుకోలేదన్నాడు బాపు. నేను ఏడుస్తూ దాన్ని జామచెట్టు కింద పూడ్చాను. మమత వచ్చి నాడెను ఇద్దరం కలిసి చూసుకుందామంది. వద్దన్నాను. దాని మంచితనం చూస్తే నాకు ఇంకా మండేది.

అయినా అదంతా నేను ఓర్చుకునేదాన్నేమో. ఓర్చుకోలేనిది ఇంకొకటి జరిగింది. మమత మా బాపును చిన్నబాపు అని పిలిచేది, వరసకు అంతే కదా. నెలలు గడిచేకొద్దీ ఆ పిలుపు అరిగిపోతూ వచ్చింది. ఒక రోజు నేను గడపలో కూర్చుని ఎక్కాలు రాసుకుంటుంటే, మమత గ్లాసు తెచ్చి "బాపూ, చాయ్" అంది. బాపు పేపరు చదువుతూ, తల ఎత్తకుండానే చేయి చాపి తీసుకున్నాడు. ఆయన గమనించనే లేదు. అమ్మా గమనించలేదు. చిన్న అనే మాట మా ఇంట్లోంచి మాయమైపోయిందని నాకొక్కదానికే తెలిసింది. ఆ రోజు నుంచి దాన్ని ఒక్కసారైనా బాపు చేత తిట్టించాలని నా మనసు పట్టుబట్టింది. వేరే ఏమీ కాదు, ఒక్కసారి, నా ముందర.

ఎండలు ముదరకముందు నాడె తోక చివర చిరిగి, తెల్లగా దూది పట్టినట్టయింది. మమత భయపడిపోయింది. అప్పుడే మమతకు జ్వరం కూడా వచ్చింది. షాపుకు మందులు తేవడానికి బాపు జగిత్యాల పోతూ, భాయ్‌ను అడిగి వద్దామని నన్నొక్కదాన్నే తీసుకుపోయాడు. ఎన్ని నెలల తర్వాతో బాపు పక్కన నేనొక్కదాన్నే కూర్చున్నాను. కిటికీ సీటు, పొలాల్లోంచి వచ్చే పచ్చివరి వాసన, బస్టాండులో అల్లం పిండిన చెరుకు రసం, అన్నీ నావే. ఆ సంతోషంలో నాడె సంగతి సగం మరిచిపోయాను. భాయ్ అన్నీ విడమరిచి చెప్పాడు. చేపను వేరే సీసాలో పెట్టాలి, చిటికెడు రాళ్ళ ఉప్పు వేయాలి, రోజూ సగం నీళ్ళు మార్చాలి, బాగా ఎండిన బాదం ఆకు ఒకటి కడిగి వేయాలి, నీళ్ళు చాయ్ రంగులోకి వస్తాయి, తోక మానుతుంది, మానాక మళ్ళీ మందిలో కలపొచ్చు. బాపు పక్కనే నిలబడి మోటరు పైపులు చూస్తున్నాడు. వినడం లేదనుకున్నాను.

ఇంటి దగ్గర నన్ను దింపి బాపు మెడికల్ షాపుకు పోయాడు. జ్వరంతో కళ్ళు ఎర్రబడి ఉన్న మమత గోడకానుకుని లేచి, భాయ్ ఏమన్నాడని అడిగింది. పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పాను. సీసా అన్నాను, ఉప్పు అన్నాను, నీళ్ళు అన్నాను. అల్మారా మీది నా సీసాను నేనే దింపి కడిగిచ్చాను.

"ఇంకా?" అంది.

"ఎండిన ఆకు ఒకటి ఏయుమన్నడు" అన్నాను.

"ఆకా?"

"ఆఁ, ఆకు."

బాదం అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి ఆగిపోలేదు, నేనే ఆపాను. మరిచిపోయానని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకోబోయాను కానీ, ఆ మాట రుచి కూడా నాకు గుర్తుంది. మా ఇంట్లో ఆకు అంటే ఏదో మమతకు బాగా తెలుసు, అది ఏ ఆకు తీస్తుందో నాకూ బాగా తెలుసు. చేప చచ్చిపోతుందని మాత్రం అనుకోలేదు. తప్పు ఆకు వేశావని బాపు దాన్ని తిడతాడనుకున్నాను, అంతవరకే. కడిగి వేయాలన్న మాట కూడా నేను చెప్పలేదు.

అమ్మ చేటలోంచి, తంబాకు కుప్ప పక్కన పేర్చి ఉన్న వాటిలోంచి, అన్నిటికంటే నున్నగా కత్తిరించిన ఆకును మమత ఏరింది. గౌనుకు తుడిచి సీసాలో వేసింది. ఆకు తిరుగుతూ మునిగింది. దానికంటిన తంబాకు దుమ్ము కరిగి, ఈనెల వెంట గోధుమరంగు చారలు నీళ్ళలోకి దిగాయి. చాయ్ రంగు వచ్చిందని అది నాకు చూపించి సంబరపడింది. నాడె పైకొచ్చి గాలి మింగింది. వెంటనే మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. తర్వాత పక్కకు ఒరిగి అద్దానికి కొట్టుకుంది, ఒంటి మీద గీతలు తేలాయి, పోయాయి. అమ్మ బియ్యం కడిగి ఎసట్లో వేసేలోపు అది కదలడం ఆగిపోయింది. మమత వేలు ముంచి చాలాసేపు అలాగే ఉంచింది.

బాపు వచ్చేసరికి మమత ఇంకా సీసా ముందరే కూర్చుని ఉంది. ఆకు వేయమన్నారట, వేశానని మమత ఒక్కటే మాట చెప్పింది, నా పేరు ఎత్తలేదు. బాపు సీసా ఎత్తి వాసన చూశాడు. తర్వాత నా దిక్కు ఒకసారి చూశాడు. నేను గోడ మీది క్యాలెండరులో వారాలు లెక్కపెట్టాను. ఇప్పుడు తిడతాడు అనుకున్నాను. బాపు సీసా కింద పెట్టి, జ్వరంతో కాలిపోతున్న మమతను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు.

"తెల్వక ఏసినవు బిడ్డా" అన్నాడు.

బిడ్డా అన్నాడు. నేను అన్ని పన్నాగాలు పన్ని, ఒక ప్రాణం తీసి, చివరికి నా పేరును కూడా దానికే ఇప్పించాను. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. చేప కోసం బాధపడుతున్నాననుకుని అమ్మ ముద్దలు కలిపి పెట్టబోయింది.

మూడో రోజు జ్వరం తగ్గి లేచిన మమత చాయ్ గ్లాసు తెచ్చి "చిన్నబాపూ" అని పిలిచింది. బాపు తలెత్తి చూశాడు. నాకు లోపల్లోపల పండగే అయింది. అంత చదువు చదువుకున్నాను, ఇన్ని పరీక్షలు చేశాను, ఆ రోజు నాకు కలిగినంత నీచమైన సంతోషం మళ్ళీ ఎన్నడూ కలగలేదు. ఆ తర్వాత ఏడాదికి సాంచెలు మళ్ళీ నడుస్తున్నాయని పెద్దమ్మ వాళ్ళు తిరిగొచ్చి దాన్ని తీసుకుపోయారు. నా చాప మళ్ళీ అక్వేరియం పక్కకు వచ్చింది. గర్రుమనే ఆ మోటరు పక్కన నాకే నిద్ర పట్టలేదు.

ఆ పెట్టెలో చేపలు ఒక్కొక్కటీ పోయాయి. ఖాళీ అయ్యాక అమ్మ అందులో కత్తిరించిన ఆకు పోసి తడి ఆరకుండా గుడ్డ కప్పేది. ఇప్పుడా పెట్టే లేదు, ఆ ఆకూ లేదు. కళ్ళు మసకబారి అమ్మ చేట దింపేసింది. మా వాడ అరుగులు పగలగొట్టి ర్యాంపులు కట్టారు, కాళ్ళు చాపుకుని కూర్చునే చోటే లేదు. మక్కగారెలు నేనూ చేస్తాను, ఆ చిరుచేదు రాదు. నాలుగేళ్ళ కింద బాపు పోయాడు. గల్లీ మలుపులోంచి బిడ్డా అనే కేక కోసం ఇప్పటికీ నా చెవి అటే ఉంటుంది.

పోయిన నెల ఒక పెళ్ళికి జగిత్యాల వచ్చి మమత మా ఇంటికి వచ్చింది. సిరిసిల్లలోనే ఉంటుంది, బట్టలు కుట్టే చోట పని చేస్తుంది, ఇప్పటికీ గట్టిగానే మాట్లాడుతుంది. చెప్పులు విప్పి నేరుగా అక్వేరియం దగ్గరికి పోయి వంగింది. ఐదు ఆడ ఫైటర్లనూ చూసింది, ఏమీ అడగలేదు. చీర చెంగు నడుముకు చెక్కుకుని వేలు ముంచింది. రెండేళ్ళుగా సాకుతున్న నా దగ్గరికి ఒక్కసారీ రాని ఆ పిచ్చిమొహాల్లో ఒకటి పోయి, ఆ వేలిని తాకి నిలబడింది. నలభైకి దగ్గరపడిన నాకు అదే పాత మంట, అదే చోట, చెక్కుచెదరకుండా లేచింది. ఏదో ఒకటి చేయాలని, నానబెట్టిన ఆకు ఒకటి తెచ్చి నీళ్ళలో వదిలాను.

"గిదేం ఆకు?" అంది.

"బాదమాకు" అన్నాను.

మమత వేలు తీసి తుడుచుకుంది.

"ఇప్పటికన్న మాట మొత్తం అన్నవు" అంది.

దానికి తెలుసు. జ్వరం తగ్గిన రోజే తెలుసట. చిన్నబాపు దాన్ని జామచెట్టు కింద కూర్చోబెట్టి, తప్పు నీది కాదు, భాయ్ చెప్పిన మాట వేరే అని చెప్పాడట. అంటే ఆయన విన్నాడు. పైపులు చూస్తూనే అంతా విన్నాడు. విని, నన్ను ఒక్క మాట అనకుండా అన్నేళ్ళు నా పక్కన బతికాడు. ఆ జామచెట్టు కింద వాళ్ళిద్దరూ నాకు తెలియకుండా ఒక మాట దాచుకున్నారని తెలియగానే, సిగ్గు కంటే ముందు నాకు కుళ్ళే వచ్చింది. బాపు ఇంకా ఏమన్నాడని అడిగాను.

"'దాన్ని అడుగకు మమతా. అది నా బిడ్డ, తట్టుకోలేదు' అన్నడు" అంది.

మమత అక్వేరియం దిక్కే చూస్తూ చెప్పింది, చేప పోయినందుకు తనకు అంత బాధ కాలేదట, నా మీద కోపం కూడా రెండు రోజుల్లో పోయిందట, ఆ ఒక్క మాటకే నెలల తరబడి కడుపు మండిందట. తప్పు చేసినా నా బిడ్డ అనిపించుకునే అదృష్టం దీనికెందుకని, నేను బడికి పోయినప్పుడు నా చాప చూస్తూ కూర్చునేదట. చిన్నబాపు ఎప్పటికీ చిన్నబాపే అని ఆ రోజే తెలుసుకున్నానంది.

జీవితమంతా నేను వినాలనుకున్న మాటను దాని నోట విన్నాను.

"చిన్న ఎందుకే ఇంకా. బాపు అనరాదు" అన్నాను.

"ఇప్పుడు ఎవల్ని పిలుసుడే?" అంది మమత, అని, చాయ్ పెట్టడానికి నాకంటే ముందు నా వంటింట్లోకి నడిచింది.